ఆపరేషన్ తర్వాత ఎక్కడ పడుకోవాలి?

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, ఇల్లు లేనివాళ్ల కోసం ఉన్న మున్సిపల్ షెల్టర్ సిబ్బంది ముందు ఒక రిటైర్డ్ ఆప్తాల్మిక్ ఆఫీసర్ చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్దిగా సవరించిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్న పిల్లలకు వినబడుతోందా? మైకు కొంచెం ఇటు తిప్పండి బాబూ. ఆ, సరే.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ను కాదు. ఈ జిల్లాలో అందరూ నన్ను డాక్టరమ్మా అనే పిలిచారు, అది వాళ్ల మంచితనం. కళ్లు పరీక్ష చేయడం, అద్దాల నంబరు రాయడం, పొర ముదిరినవాళ్లను ఆపరేషన్‌కు పంపడం, వాళ్లు తిరిగొచ్చాక చూసుకోవడం నా ఉద్యోగం. పాలమూరులో, నల్లగొండలో ఆ పనే చేసి రిటైరయ్యాను. అందుకని ఆపరేషన్ ఎట్లా చేస్తారో నేను చెప్పను. ఆపరేషన్‌కు ముందు మనిషి ఎక్కడుంటాడు, తర్వాత ఎక్కడికి పోతాడు, అది చెబుతాను.

"సర్వేంద్రియానాం నయనం ప్రధానం" అని మొదలుపెట్టమని నిర్వాహకులు అన్నారు. అది ప్రతి కంటి శిబిరం బ్యానర్ మీదా ఉంటుంది. బస్టాండులో పడుకున్న మనిషికి ఆ శ్లోకం వల్ల ఒరిగేదేమీ లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

మన దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. అప్పటినుంచి శుక్లాల ఆపరేషన్ పేదవాళ్లకు ఉచితం. 2015 నుంచి 2019 వరకు జరిగిన జాతీయ సర్వేలో యాభై దాటిన వాళ్ల అంధత్వానికి కారణాలు చూస్తే, మూడింట రెండు వంతులు శుక్లాలే. శుక్లం అంటే మన దగ్గర కొందరు మోతిబిందు అంటారు, కొందరు పొర అంటారు. దానికి మందు లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి. ఆ ఆపరేషన్‌కు పట్టేది కొద్ది నిమిషాలు. పైసా ఖర్చు లేదు. మరి రైల్వే స్టేషన్ దగ్గర, నల్లగొండ గడియారం సెంటర్‌లో, లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్ల మీద, చెర్వుగట్టు అమావాస్య రాత్రి గుడి చుట్టూ కళ్లు మసకబారిన ముసలివాళ్లు ఇంతమంది ఎందుకున్నారు?

భయం అంటారు. అజ్ఞానం అంటారు. నిర్లక్ష్యం అనే వాళ్లూ ఉన్నారు. నా అనుభవంలో పెద్ద కారణం వేరే ఉంది. మన కంటి వైద్యం మొత్తం ఒక ఇంటిని లెక్కలో పెట్టుకుని తయారైంది. ఆపరేషన్ ఉచితమే, కానీ ఆపరేషన్ తర్వాతి నెల ఉచితం కాదు. ఆ నెల ఇల్లు ఉన్నవాడికే దొరుకుతుంది.

ఆ నెల ఎట్లా ఉంటుందో చూద్దాం. ఆపరేషన్ అయినంక చుక్కల మందు రాస్తారు. చాలాచోట్ల మొదటి వారం రోజుకు ఆరుసార్లు, తర్వాత వారం వారం తగ్గించుకుంటూ ఐదారు వారాలు. చుక్క వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సీసా కొన కంటికి తగలకూడదు. మొదటి రోజుల్లో తలస్నానం వద్దు, కంట్లోకి నీళ్లు పోవద్దు, దుమ్ము, పొగ తగలొద్దు. రాత్రి నిద్రలో చెయ్యి కంటికి తగలకుండా ప్లాస్టిక్ షీల్డు పెట్టుకోవాలి. బరువులెత్తొద్దు. మర్నాడొకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి చూపించుకోవాలి. ఇవన్నీ చీటీ మీద రాసి ఇస్తారు. చూపే సరిగ్గా లేని మనిషి చేతికి చిన్న అక్షరాల చీటీ ఇస్తాం, చూడండి.

ఇప్పుడు ఆ చీటీ పట్టుకుని ఒక ముసలావిడ మహబూబ్‌నగర్ బస్టాండుకు పోయిందనుకోండి. చేతులు కడగడానికి సబ్బేది? చుక్కల సీసా ఎక్కడ దాస్తుంది? రాత్రి ఆమె తల కింద పెట్టుకున్న మూటే ఆమెకున్న బీరువా. అది పోతే సీసా పోయినట్టే. దుమ్ము తగలొద్దు అంటే ప్లాట్‌ఫాం ఊడ్చే తెల్లవారుజామున ఎక్కడికి లేచిపోవాలి? బరువులెత్తొద్దు అంటే ఆ పూట తిండెక్కడిది? ఒక పెద్దావిడ నన్నే అడిగింది: "బిడ్డా, ఆపరేషన్ జేస్తరు, మంచిగనే ఉంది. మరి ఆడికెల్లి నన్ను ఏడ పండబెడ్తరు?" ఆమె అజ్ఞానంతో అడిగిందా? ఏ ప్రోగ్రాం ఆఫీసరూ అడగని ప్రశ్న ఆమె అడిగింది.

ఇక సాయం మనిషి. ఆస్పత్రిలో చేర్చుకునే ముందు, "వెంట ఎవరొచ్చిన్రు?" అని అడుగుతారు. కొడుకో, కోడలో, కనీసం పక్కింటి మనిషో ఉండాలి. సంతకం పెట్టాలి. వాళ్లను తప్పు పట్టను. ఆపరేషన్ రోజు కంటికి కట్టు కట్టిన ముసలిమనిషిని మరుగుదొడ్డికి తీసుకుపోయేది ఎవరు? అయితే ఎవరూ లేని మనిషికి ఆ ప్రశ్న దగ్గరే దారి మూసుకుపోతుంది. వరసలో నిలబడి, బీపీ, షుగర్ పరీక్షలన్నీ చేయించుకుని, చివర్లో ఈ ప్రశ్నకు తల దించుకుని బయటికి వచ్చిన వాళ్లను చూశాను. వాళ్లు మళ్లీ రారు. మనం రిజిస్టర్‌లో "రోగి రాలేదు" అని రాసుకుంటాం.

శిబిరాల సంగతి మీలో పెద్దవాళ్లకు తెలుసు. పేరుమోసిన కంటి డాక్టర్ శివారెడ్డి గారి కాలంలో ఊళ్లోనే శిబిరం పెట్టి అక్కడే ఆపరేషన్లు చేసేవాళ్లు. స్కూలు గదుల్లో మంచాలు వేసి, రోగులను కొన్ని రోజులు ఉంచుకుని, అన్నం పెట్టి, కట్టు విప్పి పంపేవాళ్లు. తర్వాత అట్లాంటి తాత్కాలిక చోట్ల ఆపరేషన్లు ఆపేశారు. ఇన్ఫెక్షన్ వస్తే ఒకేసారి పదిమంది కళ్లు పోతాయి కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. ఇప్పుడు ఊళ్లో పరీక్ష చేసి, మనిషిని ఆస్పత్రికి తీసుకుపోయి, కంటిలో లెన్స్ పెట్టి, ఒకట్రెండు రోజుల్లో పంపేస్తారు. ఆపరేషన్ బాగుపడింది. ఆ మంచం, ఆ అన్నం మాత్రం మాయమయ్యాయి. ఇల్లు ఉన్నవాళ్లకు ఆ తేడా తెలియలేదు, ఇంట్లో మంచం ఉంది కదా.

కంటి వెలుగు గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది, రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో. అంతమందిని పరీక్ష చేసిన కార్యక్రమం మన రాష్ట్రంలో ఇంకోటి లేదు, నాకు దాని మీద గౌరవం ఉంది. చత్వారం అద్దాలు, అంటే దగ్గరి చూపు అద్దాలు, అక్కడికక్కడే ఇచ్చారు. అది చాలా మంచి పని. నంబరు వేరుగా ఉన్నవాళ్లకు అద్దాలు తయారుచేయించి తర్వాత ఇంటికి పంపారు, ఆశా కార్యకర్తలు తీసుకుపోయి ఇచ్చారు. మీలో ఆ అద్దాలు మోసినవాళ్లు ఉండే ఉంటారు. (కొందరు చేతులెత్తారు.) చూశారా. మీకు ఇంటి నంబర్ల లిస్టు ఇచ్చారు కదా? పిల్లలమర్రి రోడ్డు మీద చెట్టు కింద ఉండే మనిషికి ఏ ఇంటి నంబరు రాస్తాం? ఎవరూ కావాలని వదిలేయలేదు. లిస్టులో వాళ్లు పట్టే గడి లేదు, అంతే.

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టడానికి ప్రత్యేకంగా ఒక రాత్రి పెట్టుకున్నారు, ఫిబ్రవరి 28 రాత్రి. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు. ఒక్క రాత్రి తిరిగి చూసినవాళ్లకు కనబడినంత మంది అని దాన్ని అర్థం చేసుకోవాలి. పాలమూరు వాళ్లకు నేను ఇది చెప్పక్కర్లేదు. ఊళ్లో ఇల్లు ఉండి బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద, డ్యామ్‌ల దగ్గర గుడిసెల్లో తరాలు గడిపిన జిల్లా ఇది. మన ముసలివాళ్లలో ఎందరో కూలికి పోయిన చోటే కన్ను పోగొట్టుకుని వచ్చారు. రాయి కొట్టేటప్పుడు పలుకు ఎగిరి పడటం, వెల్డింగ్ దగ్గర అద్దాలు లేకుండా నిలబడటం, సున్నం పడటం. కన్ను పోయినవాడిని మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడు. పని పోయినవాడు ఇంటికి రావడానికి మొహం చెల్లక ఎక్కడో ఆగిపోతాడు. ఇల్లు లేకపోవడం వల్ల కన్ను పోవడం ఒక్కటే కాదు, కన్ను పోవడం వల్ల ఇల్లు పోవడం కూడా ఉంది. రెండోది మనం తక్కువ మాట్లాడతాం.

సున్నం అన్నాను కాబట్టి ఆగి చెబుతాను, ఇది పిల్లల సంగతి. తంబాకులో కలుపుకునే సున్నం చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో, ట్యూబుల్లో వస్తుంది. చెత్త ఏరుకునే పిల్లలకు అవి దొరుకుతాయి. ఆటగా నొక్కుతారు. పట్‌మని పగిలి నేరుగా కంట్లో పడుతుంది. సున్నం క్షారం, కంటి లోపలికి దిగిపోతూ కాలుస్తుంది. అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే, నీళ్లు. వెంటనే, ఆ నిమిషంలోనే, శుభ్రమైన నీళ్లతో అరగంట సేపు ఆపకుండా కడగాలి. రెప్ప తిప్పి లోపల ఉన్న సున్నం పలుకులు కూడా పోయేట్టు కడగాలి. ఆ తర్వాతే ఆటో, ఆస్పత్రి. ముందు ఆస్పత్రికి పరుగెత్తుతారు, దారిలోనే కన్ను కాలిపోతుంది. నూనె పోయొద్దు, పాలు పోయొద్దు. ఈ ఒక్క ముక్క షెల్టర్‌లో గోడ మీద రాసిపెట్టినా చాలు.

కంట్లో నలుసు పడితే నాలుకతో తీయించుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఆకు పసరు పోయడం, చనుబాలు పిండటం కూడా. నవ్వకండి. రోడ్డు మీద ఉన్నవాళ్లకు అందుబాటులో ఉన్న వైద్యం అదే. దానికంటే ప్రమాదం మెడికల్ షాపులో ఉంది. కన్ను ఎర్రబడిందంటే షాపులో కుర్రాడు ఏదో చుక్కల సీసా ఇస్తాడు, అందులో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసిన పూటే మంట తగ్గుతుంది, మనిషికి సంతోషం. వరి ఆకు కోసుకుని, పొట్టు పడి నల్లగుడ్డు మీద పుండు పడితే అందులో మన దగ్గర ఎక్కువసార్లు ఫంగస్ ఉంటుంది. ఫంగస్ పుండు మీద స్టెరాయిడ్ పడిందంటే కన్ను కరిగిపోతుంది. పుండు లేకపోయినా నెలల తరబడి వేసుకుంటే కంటిలో ప్రెషర్ పెరుగుతుంది, నీటికాసులు, అంటే గ్లాకోమా, వస్తాయి. నీటికాసులతో పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. కాబట్టి ఎర్రకన్ను, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, ఈ మూడూ కలిసి కనబడితే షాపు వైపు కాదు, ఆస్పత్రి వైపు నడిపించండి.

మద్యం గురించి అడుగుతారని తెలుసు. కల్తీ సారాలో మిథనాల్ ఉంటే అది శరీరంలో మారి కంటి నరాన్ని చంపుతుంది, ఒక్క రాత్రిలో చూపు పోవచ్చు. తాగుడు, బీడీ, తిండి లేకపోవడం కలిసి నెమ్మదిగా కూడా ఆ నరాన్నే తింటాయి. మొదట్లో పట్టుకుంటే విటమిన్లతో, తిండితో కొంత తిరిగి వస్తుంది. "తాగుబోతు, వాడికంతే" అనేసే అలవాటు మా డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంది, అది నాకు నచ్చదు. మసక అన్న ప్రతి మనిషికీ పరీక్ష చేయాలి.

అడుక్కునే వాళ్ల గురించి ఒకటి చెప్పాలి. ఒక గుడి మెట్ల దగ్గర ఒక పెద్దమనిషికి రెండు కళ్లలోనూ తెల్లగా ముదిరిన పొరలు. "తాతా, పదిరోజుల్లో చూపొస్తది, రా" అన్నాను. ఆయన నవ్వి, "చూపొస్తే నాకెవరేస్తరమ్మా? కండ్లున్నోనికి పనిజేస్కో అంటరు. నాకెవరు పనిస్తరు?" అన్నాడు. బయట ఈ మాట చెబితే జనం "చూశారా, వీళ్లకు బాగుపడాలని ఉండదు" అంటారు. నాకట్లా అనిపించలేదు. ఆయన లెక్క వేసుకున్నాడు, లెక్క తప్పు కాదు కూడా. చూపు వచ్చిన తర్వాత బతకడానికి వృద్ధాప్య పింఛను కావాలి. పింఛనుకు ఆధార్ కావాలి. ఆధార్‌కు వేలిముద్ర, కనుపాప కావాలి. వేళ్లు అరిగిపోయాయి, కనుపాప స్కాన్ కూడా పడకపోవచ్చు. అన్నీ ఒకదానికొకటి ముడిపడ్డాయి. బయోమెట్రిక్ పడని వాళ్లకు మినహాయింపుతో నమోదు చేసే పద్ధతి ఉంది, గుర్తింపు ఉన్న షెల్టర్ ఇచ్చే ధ్రువపత్రంతో చిరునామా పెట్టుకునే వీలూ ఉంది. ఆ పని కంటి విభాగం చేయలేదు. షెల్టర్ చేయగలదు. కంటి ఆపరేషన్‌కు పంపేరోజే పింఛను దరఖాస్తు కూడా మొదలుపెట్టండి. అప్పుడు తాత లెక్క మారుతుంది.

ఇక షెల్టర్ దగ్గరికి వద్దాం, ఈ సభకు నేను వచ్చిందే ఇందుకు. 2010లో సుప్రీంకోర్టు లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున ఉండాలని చెప్పింది, రాత్రి మాత్రమే కాదు, 24 గంటలూ తెరిచి ఉండేట్టు. పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల్లోనూ లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటు అని ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ లక్ష దాటిన ఊళ్లే. కాబట్టి కొత్త చట్టం, కొత్త పథకం అడగట్లేదు. ఉన్న షెల్టర్‌లో రెండు మంచాలు, ఫ్యాను కింద, వంటగది పొగకు దూరంగా, కంటి ఆపరేషన్ అయిన వాళ్ల కోసం విడిగా పెట్టమంటున్నాను. ఒక్కొక్కరికి ఆరు వారాలు. పగలు కూడా లోపల ఉండనివ్వాలి. పొద్దున ఆరింటికి అందరినీ బయటికి పంపేసే షెల్టర్ ఈ పనికి పనికిరాదు.

చుక్కలు వేసే మనిషి ఒకరు కావాలి. అందుకు నర్సు అక్కర్లేదు. చేతులు కడుక్కోవడం, కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేయడం, రెండు మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగడం. ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. గోడ మీద పట్టిక పెట్టి టిక్ కొట్టండి. అద్దాలు పెట్టుకోవడానికి గట్టి డబ్బా ఒకటి, పేరు రాసి, షెల్టర్‌లోనే ఉంచండి. నిద్రలో ఒత్తుకుని విరిగిన అద్దాలే నేను ఎక్కువగా చూశాను, దొంగలు ఎత్తుకుపోయినవి తక్కువ.

పిల్లలూ, మీ పని వేరే. మా శిబిరాలు పొద్దున పదింటికి మొదలై సాయంత్రం నాలుగింటికి ముగుస్తాయి. ఆ టైముకు చెత్త ఏరేవాళ్లు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు, హమాలీలు పనిలో ఉంటారు. వాళ్లను కలవాలంటే రాత్రి తొమ్మిది తర్వాత పోవాలి. పరికరాలేమీ వద్దు. మూడు మీటర్ల దూరంలో, అంటే నాలుగు పెద్ద అడుగులనుకోండి, నిలబడి వేళ్లు చూపించండి. ఒక కన్ను మూయించి, తర్వాత ఇంకో కన్ను. ఏ కంటితోనూ వేళ్లు లెక్కపెట్టలేకపోతే అధికారిక నిర్వచనం ప్రకారమే ఆ మనిషి అంధుడు, 2017 నుంచి మన దేశంలో లెక్క అదే. ఫోన్ టార్చి పక్కనుంచి వేయండి, నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనిపిస్తే పొర ముదిరి ఉండొచ్చని అర్థం. పేరు, ఎక్కడ పడుకుంటారో ఆ చోటు, ఎప్పుడు దొరుకుతారో ఆ టైము రాసుకోండి. ఫొటోలు తీయకండి. సెల్ఫీలు అసలే వద్దు.

ఒక మార్పు వస్తోంది, అది చెప్పి ఆపుతాను. ఇన్నాళ్లూ జిల్లాకు ఇన్ని ఆపరేషన్లు అని టార్గెట్. ఆపరేషన్ అయితే లెక్కలో పడ్డట్టే. చుక్కలు లేక ఆ కన్ను చెడిపోయినా లెక్క చెడదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థలోని దేశాల సభ, పెట్టుకున్న లక్ష్యం వేరు. ఎందరికి ఆపరేషన్ చేశారు అని కాదు, ఆపరేషన్ అవసరమైన వాళ్లలో ఎందరికి అది జరిగి మంచి చూపు వచ్చింది అని లెక్కించాలి అంటోంది, 2030కి ఆ శాతం 30 పాయింట్లు పెరగాలని. ఆ లెక్క మన జిల్లా ఆఫీసుల్లోకి నిజంగా వచ్చిన రోజు, ఆపరేషన్ తర్వాతి నెల ఎవరి బాధ్యతో తేల్చక తప్పదు.

ఇప్పుడు అడగండి.

(షెల్టర్ సిబ్బందిలో ఒకరు: మేడమ్, పెట్టుకుంటం గానీ, ఆ మనిషి కంటికి ఏమన్న అయితే మా మీదికొస్తది గదా?)

అడగాల్సిన ప్రశ్నే. మొదటి వారంలో నాలుగు చూసుకోండి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం, ఎరుపు పెరగడం, చీము రావడం, నిన్న కనిపించింది ఈరోజు కనిపించకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, అదే పూట ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి. దానికి ముందే, డిశ్చార్జి రోజున, ఆస్పత్రి నుంచి ఒక కాగితం మీద రాయించుకోండి: ఏ మందు ఎప్పుడు, తర్వాత ఎప్పుడు రావాలి, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి. అది లేకుండా మనిషిని తీసుకోకండి. సాయం మనిషి సంతకం అడిగితే షెల్టర్ పేరు మీద, హోదా రాసి పెట్టండి, సొంత పేరు మీద ఒక్కరే పెట్టొద్దు. మీ మున్సిపల్ కమిషనర్‌తో ఒక్కసారి లెటర్ రాయించుకుంటే ఆస్పత్రి వాళ్లు ప్రతిసారీ అడగరు. ఆ కాగితం నమూనా, చుక్కల పట్టిక నమూనా బయట టేబుల్ మీద పెట్టాను, పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. వెళ్లేటప్పుడు తలా రెండు తీసుకోండి. ఆ వెనకాల అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా.